ఒతకర్ ఊఁ అన్న విమానం

ఒతకర్ మీటరు తీగలను బ్యాటరీకి తగిలించి, పక్కనున్న బొత్తాన్ని బొటనవేలితో నొక్కాడు. ముల్లు కాస్త వంగి ఆగింది. "ఊఁ, ఎగరెయ్" అన్నాడు. తర్వాతి విమానం బల్లమీదికి వచ్చింది. చెక్ దేశపు ప్రెరోవ్ ఊరి చివరి పచ్చికలో ఆదివారం పొద్దుటి పని ఇదే. ఒతకర్ ఊఁ అనకుండా ఆ బొమ్మవిమానాల క్లబ్బులో రిమోట్‌తో ఎగిరే ఏ విమానమూ నేల విడవకూడదు. బొత్తాం నొక్కితే బ్యాటరీమీద బరువు పడుతుంది. నీరసించినదైతే ముల్లు జారిపోతుంది. నొక్కకపోతే ఎంత ముసలి బ్యాటరీ అయినా నిండుగానే కనిపిస్తుంది.

వారమంతా చక్కెర మిల్లు గేటు దగ్గర చక్కెర తీసే బీటుదుంపల బండ్లు తూచే మనిషి అతను. బొద్దు వేళ్ళు, చెవులమీదికి లాగిన ఉన్ని టోపీ. తను కట్టిన విమానాలన్నీ ముక్కు నేలకు కొట్టుకుని ముక్కలయ్యాయి. చివరికి క్లబ్బువాళ్ళు మీటరు చేతికిచ్చి కూచోబెట్టారు.

రదోవన్ అలా కాదు, పెట్టి పుట్టాడు. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే మిల్లు. అయినా వాడి విమానం లేచిందంటే సాసేజీలు కాల్చే ఆడవాళ్ళు సైతం పొయ్యి వదిలేసి చూస్తారు. వాళ్ళలో ఒతకర్ పెళ్ళాం లిబుషె కూడా ఉంటుంది. వాడి పేరు వింటేనే ఒతకర్‌కు కడుపు మండుతుంది. ఏడుపే, దానికి ఇంకో పేరెందుకు?

రదోవన్ ఎర్ర రెక్కల విమానం తెచ్చి బల్లమీద పెట్టాడు.

"చూడరా. కిందటేడాది బ్యాటరీయే. నువ్వు సరేనంటే నాకూ సరే."

"నీకేంరా, రాయికి రెక్కలు కట్టినా ఎగరేస్తావు."

అవతల లిబుషె చూడటానికి అప్పుడే చేతులు తుడుచుకుంటోంది. ఒతకర్ తీగలు తగిలించాడు. ముల్లు నిండుగా నిలబడింది. బొటనవేలు బొత్తాంమీదే ఉంది, నొక్కలేదు. ఒక్కసారి వీడిదీ కూలితే చూడాలనిపించింది.

"ఊఁ, ఎగరెయ్."

విమానం లేచింది, పల్టీ కొట్టింది, జనం చప్పట్లు కొట్టారు. అంతలో అది పొయ్యి వైపు తిరిగింది. అక్కడ లిబుషె తలెత్తి నవ్వుతూ నిలబడి ఉంది. ఒతకర్ దిగ్గున లేచి అరిచాడు.

"దించెయ్‌రా! రదోవన్, దించెయ్!"

ఎందుకని రదోవన్ అడగలేదు. తిన్నగా తిప్పి పచ్చికమీద దించాడు. ఈసారి ఒతకర్ బొత్తాం నొక్కాడు. ముల్లు అడుక్కి పడిపోయింది.

"అంత దూరంనుంచి ఎలా కనిపెట్టావయ్యా!" అన్నారెవరో. చప్పట్లు మోగాయి, ఈసారి ఒతకర్‌కు. "మా ఆయన!" అంది లిబుషె. జన్మంతా కోరుకున్న చప్పట్లు చెంపలమీద పడుతున్నట్టున్నాయి.

"నా విమానాన్ని నిలబెట్టావురా" అన్నాడు రదోవన్ రొప్పుతూ. "రా, టీ తాగుదాం." ఎడమచెయ్యి రుద్దుకుంటూ బెంచీ వైపు నడిచాడు.

ఎలాగైనా చెప్పెయ్యాలనుకుని ఒతకర్ కాసేపటికి వెళ్ళి పక్కన కూచున్నాడు. వాడి మొహం చూడలేక పచ్చిక వైపు చూస్తూ అన్నాడు:

"ఒరేయ్, నేను బొత్తాం నొక్కలేదు. కావాలనే."

తిరిగి చూస్తే రదోవన్ గడ్డం ఛాతీమీదికి వాలి ఉంది. భుజం తట్టాడు. మళ్ళీ తట్టాడు. ఊపిరి లేదు.

జనం పరుగెత్తుకొచ్చి రదోవన్ చుట్టూ మూగారు. అందరికన్నా ముందు లిబుషె ఏడ్చింది. అప్పుడు కూడా ఒతకర్‌కు కడుపులో చురుక్కుమంది. సిగ్గుతో పక్కకు తప్పుకున్నాడు.

బెంచీ చివర, రదోవన్ అతని కోసం ఫ్లాస్కు మూతలో పోసిపెట్టిన టీ ఇంకా పొగలు కక్కుతోంది.