తల నిలిచిందన్న వదిన

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉండేది. నెట్స్‌లో బ్యాటింగ్ చేస్తున్న మనిషికి తప్పొప్పులు చెప్పే హక్కు ఒక్కరికే. ఆ ఒక్కరినీ "కన్ను" అనేవాళ్ళు. బౌలర్ వెనక, మ్యాచ్‌లో అయితే అంపైర్ నిలబడే చోట, కన్ను నిలబడాలి. బంతి ఆడగానే చూసింది చూసినట్టు ఒక్క మాటలో చెప్పాలి. మిగతావాళ్ళంతా నోటికి తాళం వేసుకోవాల్సిందే. పదిమంది పది రకాలుగా చెబితే ఆడే మనిషి ఎటూ కాకుండా పోతుందని కోచ్ గారి సిద్ధాంతం. ఎవరైనా ఫోన్లో వీడియో తీస్తే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కేది. "నీ సోకు చూసుకోవడానికొచ్చావా, బంతి చూడ్డానికొచ్చావా?" అని ఫోన్లన్నీ సంచుల్లో పెట్టించేవాడు.

ఇంత తతంగం ఎందుకయ్యా అంటే, బ్యాట్ పట్టుకున్న మనిషికి తన తల తనకి కనబడదు. అది ఎటు వాలినా నిటారుగానే ఉందనిపిస్తుంది. ఇంకొకరు చూసి చెప్పాలి, చెప్పింది నమ్మాలి. అంతకంటే దారి లేదు.

మన ఉడుతకి ఉన్న రోగం సరిగ్గా అదే. ఉడుత అసలు పేరు క్లబ్బులో అందరూ ఎప్పుడో మరిచిపోయారు. వికెట్ల మధ్య పరుగు తీస్తే కళ్ళకి ఆనదని ఆ పేరు పెట్టారు, ఇంట్లోవాళ్ళకీ అదే అలవాటైంది. పగలు పార్సిల్ ఆఫీసులో పెట్టెలు వేరుచేసే ఉద్యోగం, పొద్దున్నే నెట్స్. ఓపెనర్. అన్ని షాట్లూ ఉన్నాయి, ధైర్యం ఉంది. కానీ బంతికి అడుగు వేసినప్పుడల్లా తల ఆఫ్ సైడ్‌కి ఒరిగిపోయేది. తల వెనకే కాలూ అడ్డంగా పోయేది. ఇంక వికెట్ల మీదికి వచ్చిన బంతిని కొట్టాలంటే బ్యాట్ కాలు చుట్టూ తిరిగి రావాలి. అది వచ్చేలోగా బంతి వచ్చి ప్యాడ్‌కి తగిలేది. ఎల్బీడబ్ల్యూ. ఏ మ్యాచ్ చూసినా ఇదే వరస.

ఆ ఏడాది పెద్ద జట్టులో ఓపెనర్ చోటు ఒకటి ఖాళీ అయింది. దానికి సెలెక్షన్ మ్యాచ్‌లు రెండు పెడతామన్నారు. ఉడుతకి ఆ చోటు కావాలి. తిండి కంటే నిద్ర కంటే అదే ఎక్కువ కావాలి. కోచ్ గారు పిలిచి, "తల నిలబెట్టడం నేర్చుకో, చోటు నీదే. లేకపోతే నన్ను సాధించి లాభం లేదు. కన్ను ఎవరు కావాలో చెప్పు" అన్నాడు.

"మా వదిన" అంది ఉడుత, ఆలోచించకుండా.

కోచ్ గారు గడ్డం గోక్కున్నాడు. "మీ వదిన కూడా ఓపెనరే కదమ్మా. ఇద్దరూ ఒకే చోటు కోసం ఆడుతున్నారు. మామూలుగా అలాంటివాళ్ళని ఒకరికొకరు కన్నుగా పెట్టను."

"భలేవారే సార్! ఇంట్లో మనిషిని పెట్టుకుని బయటివాళ్ళని అడుక్కోమంటారా?" అని నవ్వేసింది. ఆయనకేం, సరేనన్నాడు.

నవ్వదా మరి? ఆ వదినని మళ్ళీ మైదానంలోకి తెచ్చింది ఈ పిల్లే. పెళ్ళికి ముందు బాగా ఆడిన మనిషి, కాపురానికి వచ్చాక బ్యాట్ అటకెక్కించింది. దుస్తులు కుట్టే కార్ఖానాలో కటింగ్ చేసేది, ఇంటికొచ్చి వంట చేసేది, టీవీలో క్రికెట్ వస్తే లేచి లోపలికి వెళ్ళిపోయేది. అది చూసి ఉడుత కడుపు తరుక్కుపోయింది. అమ్మతో పోట్లాడింది, అన్నయ్యతో మాటలు మానేసింది, చివరికి వంటలో సగం నేను చేస్తానని ఒప్పుకుని వదినని నెట్స్‌కి లాక్కొచ్చింది. వదినకి ముప్పై దాటాయి. "నాకిప్పుడు పెద్ద జట్లూ గిట్లూ ఎందుకే, ఒళ్ళు కదులుతుందని వస్తున్నా. ఆ చోటు నీదే, రాసిపెట్టుకో" అనేది. ఉడుత ఆ మాట నిజంగానే నమ్మింది.

ఇంక చూడండి, వానాకాలం పోయి చలికాలం వచ్చేదాకా రోజూ ఇదే పని. తెల్లారగానే ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వెళ్ళేవాళ్ళు. ముందు ఉడుత ప్యాడ్లు కట్టుకునేది. బౌలర్ పరుగెత్తుకొచ్చి బంతి వేస్తుంది, ఉడుత ఆడుతుంది, వెనక నుంచి వదిన గొంతు ఖంగుమంటుంది.

"ఒరిగింది!"

మొదటి వారాల్లో అదే మాట. తర్వాత తర్వాత "నిలిచింది" అనడం మొదలైంది. "నిలిచింది. నిలిచింది. ఇదిగో ఇది ఒరిగింది. నిలిచింది." మెల్లిగా ఒరిగింది అన్నమాటే వినబడకుండా పోయింది. బంతి ప్యాడ్‌కి తగలకపోలేదు, తగిలేది. ఉడుత తలెత్తి చూస్తే, "నీ తప్పు కాదే, అది లెగ్ బయటికి పోయేదే. తల గుంజలా ఉంది" అనేది వదిన. ఆ మాటతో ఉడుతకి ఏనుగెక్కినంత సంబరం.

తర్వాత వదిన వంతు. వదిన రోగం వేరు, బంతి రాకముందే బ్యాట్ కిందికి దించేసేది. ఉడుత కన్నుగా నిలబడితే దయాదాక్షిణ్యాలు ఉండేవి కావు. "తొందర! వదినా, మళ్ళీ తొందర! ఆగు, రానీ... ఆఁ, ఇప్పుడు సరిగ్గా ఉంది!" గొంతు బొంగురుపోయేలా అరిచేది. వదిన బ్యాట్ కుదురుకుంది. చూస్తూండగానే పెళ్ళికి ముందు నాటి ఆట తిరిగొచ్చింది.

మొదటి సెలెక్షన్ మ్యాచ్ వచ్చింది. వదినా మరదళ్ళే ఓపెనింగ్. అవతలి జట్టుకి కొత్త బంతి వేసింది నత్త. నత్త వీళ్ళ క్లబ్బు పిల్లే. రనప్ మొదలుపెట్టడానికి బోలెడంత సేపు తీసుకుంటుంది కాబట్టి నత్త, బంతి మాత్రం బాణమే. ఆ బాణం వచ్చి ఉడుత ప్యాడ్‌కి తగిలింది. అంపైర్ వేలు లేచింది. ఉడుత ఇంకా ఒక్క పరుగూ చేయలేదు.

అవతలి చివర నుంచి వదిన వచ్చి భుజం తట్టింది. "మంచి బంతే, ఎవరైనా అవుటవుతారు. నీ తల కదల్లేదు" అంది. ఆ రోజు వదిన చాలాసేపు ఆడింది.

సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో నత్త వచ్చి పక్కన కూర్చుంది. "ఇప్పుడు నెట్స్ బయటున్నాం కాబట్టి నోరు విప్పొచ్చు. నెట్స్‌లో రోజూ నీకు వేసే బంతే ఇవాళా వేశాను. నాకూ పెద్ద జట్టులో చోటు కావాలి మరి. నీ తల ఒరుగుతూనే ఉందే బాబూ. మొదట్లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది."

ఉడుతకి ఒళ్ళు మండిపోయింది. "వికెట్ తీశావు, అక్కడితో ఆగొచ్చుగా! మా వదిన రోజూ చూస్తోంది. నిలిచిందని ఆవిడే చెప్పింది."

"అయితే మీ వదినకి కళ్ళద్దాలు చేయించు" అని నత్త సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

మన పిచ్చిమాలోకం ఆ మాటని ఎలా అర్థం చేసుకుందో తెలుసా? నిజంగానే వదినకి చూపు తగ్గిందేమోనని బెంగపెట్టుకుంది! పాపం, పొద్దస్తమానం గుడ్డల మీద గీతలు చూసి చూసి కళ్ళు అరిగిపోయి ఉంటాయి, నాకు చెబితే బాధపడతానని దాచుకుంది కాబోలు, అనుకుంది. కళ్ళ డాక్టర్ దగ్గరికి ఏ వంకతో తీసుకెళ్ళాలా అని దారిపొడవునా ఆలోచించింది.

ఇంటికి వెళ్ళేసరికి అన్నయ్య కుర్చీ ఎక్కి కిటికీకి కొత్త కర్టెన్ కమ్మీ బిగిస్తున్నాడు. వదిన గదికి ఆ చివర, గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎడమవైపు దిగింది, ఎత్తండి" అంది.

"సరిగ్గానే ఉందే" అన్నాడు అన్నయ్య.

"చిటికెన వేలంత దిగింది. కావాలంటే కొలవండి."

అన్నయ్య టేపు పెట్టి కొలిచాడు. నాలిక కరుచుకుని ఎడమవైపు ఎత్తాడు. "నీ కళ్ళు కళ్ళు కావు తల్లీ, కొలబద్దలు!" అన్నాడు. అమ్మ నవ్వింది. వదినా నవ్వింది. ఉడుతకి మాత్రం గుండెల్లో రాయి పడింది. గదికి ఆ చివర నుంచి కమ్మీ వాలు కనబడ్డ మనిషికి, పిచ్ పొడవునా ఎదురుగా ఉన్న నా తల వాలు కనబడదా?

అయినా మనసు ఒప్పుకోలేదు. వదిన మీద అనుమానమా, ఛీ అని తనని తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే గురువారం పొద్దున్న నెట్స్‌లోకి దిగింది. నత్త బౌలింగ్. మొదటి బంతికి ఉడుత కావాలనే తల ఒరిగించింది. కొంచెం కాదు, జారిపడబోయినంతగా. దారిన పోయే మనిషికైనా కనబడేంతగా.

"నిలిచింది!" అంది వదిన.

ఉడుత బ్యాట్ నేలకి ఆనించింది. పొరపాటున అందేమో, ఆ క్షణంలో ఎటో చూస్తోందేమో. ఇంకో బంతి అడిగింది. మళ్ళీ ఒరిగించింది, ఇంకా దారుణంగా. ఈసారి తల ఎత్తి వదిన ముఖంలోకే చూసింది. వదిన సూటిగా ఇటే చూస్తోంది.

"నిలిచింది. చాలా బాగుందే, గుంజలా ఉంది."

నత్త తల తిప్పుకుని బంతిని ప్యాంటుకి రుద్దుకుంది. కాళ్ళ కింద నేల కదిలిపోవడం అంటే ఏమిటో ఉడుతకి అప్పుడు తెలిసింది. ఇన్ని నెలలు! రోజూ ఒకే స్కూటర్ మీద, నా నడుం పట్టుకుని కూర్చుని వచ్చింది! కొట్టినా ఇంత బాధ ఉండదు. అరవాలనిపించింది. అరవకుండా వంగి ప్యాడ్లు విప్పుకుంది.

తర్వాత వదిన వంతు. ఉడుత వెళ్ళి కన్ను చోట నిలబడింది. మొదటి బంతికే వదిన బ్యాట్ తొందరపడింది. సరిగ్గా ఉంది అంటే చాలు, చెల్లుకి చెల్లు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ నెలల తరబడి అరిచి అరిచి అలవాటైన నోరు, "తొందర!" అనేసింది. రెండో బంతికీ నిజమే చెప్పింది. ఆపైన ప్రతి బంతికీ నిజమే చెప్పింది, చెబుతూ తన మీద తనే మండిపడింది. వదిన ఒక్కో మాటా విని, తలూపి, సర్దుకుని ఆడింది.

ఆదివారం రెండో మ్యాచ్. మధ్యలో ఉన్న రెండు రోజులూ ఉడుత ఒంటరిగా అద్దం ముందు తంటాలు పడింది, గోడకి బంతి కొట్టింది. నెలలుగా ముదిరిపోయిన తప్పు రెండు రోజుల్లో పోతుందా? తలని నిలబెట్టాలని బిగుసుకుపోయి, కాలు కదల్చడమే మరిచిపోయింది. బంతి నేరుగా వచ్చి వికెట్లు పడగొట్టింది. వదిన అర్ధసెంచరీ చేసి నాటౌట్‌గా మిగిలింది. ఒక్కసారి కూడా తొందరపడలేదు.

సాయంత్రం కోచ్ గారు పేర్లు చదివాడు. ఓపెనర్‌గా వదిన. నత్త కూడా ఉంది. ఉడుత లేదు. కోచ్ గారు ఉడుత నెత్తి మీద చెయ్యి వేసి, "నీకు రాలేదని బాధపడకమ్మా. మీ వదిన ఆట ఇంత బాగుపడిందంటే సగం పుణ్యం నీదే. అంత మంచి కన్నుని నేను చూడలేదు" అన్నాడు. ఉడుత నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది?

ఇంట్లో పండగే పండగ. అన్నయ్య వదిన బ్యాట్‌ని గుడ్డతో తుడిచి గోడకి ఆనించాడు. అమ్మ ముందు గదిలో కూర్చుని బంధువులందరికీ వరసగా ఫోన్లు చేస్తోంది. "మా కోడలండీ, అవును, పెద్ద జట్టే!" అన్న మాట వంటింట్లోకి వినబడుతోంది. అక్కడ వదిన గిన్నెలు కడుగుతుంటే, ఉడుత తుడిచి పెడుతోంది.

"పెద్ద జట్టు ప్రాక్టీసు మొదలయ్యేలోగా మనం రోజూ నెట్స్‌కి వెళ్దామే" అంది వదిన. "ఇంకెవరు చెప్పినా నా తలకెక్కదు. నువ్వు సరిగ్గా ఉందంటే ఇంక నాకు ఏ దిగులూ ఉండదు."

ఉడుత చేతిలో గిన్నె గట్టు మీద పెట్టింది. "గురువారం నేను కావాలనే ఒరిగాను వదినా."

వదిన "ఏమిటే" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. కుళాయి కట్టేసింది.

"రెండుసార్లు ఒరిగాను. నువ్వు నన్నే చూస్తున్నావు. రెండుసార్లూ నిలిచిందన్నావు."

వదిన తొట్టిలోని గిన్నెని అటూ ఇటూ తిప్పింది. "నీకు ఇంకా బోలెడంత వయసుంది. వచ్చే ఏడు కాకపోతే ఆ పై ఏడు. నాకు ఇదొక్కటే" అంది.

"అడిగితే తప్పుకునేదాన్ని కదా! అమ్మతో, అన్నయ్యతో పోట్లాడింది నీ కోసమే కదా, నీ కోసం ఇది చేయలేకపోయేదాన్నా? ఒక్కమాట అడగాల్సింది వదినా. నన్ను పిచ్చిదాన్ని చేసి రోజూ నిలబెట్టావు."

వదిన ఏదో గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడి తలెత్తింది. గభాలున ఉడుత చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గురువారం... నీ తర్వాత నేను ఆడాను కదా. నీకు అప్పటికే తెలుసన్నమాట. మరి ఆ రోజు నాకు చెప్పినవి? నిజమే చెప్పావా?"

క్షమించమంటుందనుకుంది ఉడుత. క్షమించేద్దామని కూడా అనుకుంది. ఆ పట్టుకున్న చేతిని చూసింది, ఆ కళ్ళలో భయాన్ని చూసింది. అబద్ధం చెబితే ఇప్పటికీ సరిపోతుంది. ఈవిడ ఆట మొత్తం అనుమానంలో పడిపోతుంది.

"నిజమే చెప్పాను. ఒక్క బంతికి కూడా అబద్ధం చెప్పలేదు" అంది.

"హమ్మయ్య!" అంది వదిన.

అనేసి చేత్తో నోరు మూసుకుంది, కానీ ఏం లాభం, అనేసింది. ఉడుత చెయ్యి విడిపించుకుంది. "ఇంకో కన్నుని చూసుకో" అని, పెరటి మెట్టు మీదికి వెళ్ళి కూలబడింది. గురువారం నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆపుకోలేదు, వెక్కి వెక్కి, ముందు గదిదాకా వినబడేట్టు ఏడ్చింది.

"ఏమీ లేదు అక్కయ్యగారూ, మా ఉడుత" అని అమ్మ ఫోన్లో మురిసిపోతూ చెబుతోంది. "వాళ్ళ వదినకి చోటొచ్చిందని సంతోషం పట్టలేక ఏడుస్తోంది పిచ్చిది."