చవక కాలేజీలో లోపం

షట్టరు సగమే ఎత్తి, దాని కింద గొంతుక్కూర్చుని, తాళాల మేస్త్రి ఒక తుప్పు తాళంలో సన్నటి ఊచ తిప్పుతున్నాడు. చెవి తాళం మీదే ఉంది గానీ, చూపు మాత్రం బల్ల పక్కన కూతురు తెచ్చి పెట్టిన పెట్టె మీద ఉంది.

"కాలేజీ చూడకుండానే పెట్టె సర్దేశావేం?"

"చేరడానికి ఇవాళే ఆఖరు నాన్నా. నీకు నచ్చకపోతే మోసుకొచ్చేద్దాం."

ఇంత సులువుగా ఒప్పుకుందంటే అదీ అనుమానమే. గోడ గడియారం చూసి కూడా పక్క కొట్టతన్ని టైమడిగే మనిషాయన. బజారంతా అనుమానాల మేస్త్రి అంటుంది. ఊరికే పుట్టిన బుద్ధి కాదది. వయసులో ఉండగా ఒక అద్దాల కాలేజీ గేటు తాళం తియ్యమని పిలిచారు. బయట పిల్లలూ తల్లిదండ్రులూ గుంపు కట్టి ఉన్నారు. తాళం ఊడింది. లోపల 'ల్యాబు' అని రాసిన గదిలో గోడలకి వేలాడే వైర్లు తప్ప ఏమీ లేవు. ఒక తండ్రి గడప మీదే కూలబడ్డాడు.

అందుకే కూతురు బయోఇన్ఫర్మాటిక్స్ చదువుతానన్నప్పుడు, మెరిసే కాలేజీలన్నిటినీ ఆయనే తోసిపుచ్చాడు. ఈ కాలేజీ ఆ పిల్ల వెతుక్కున్నది. ఫీజు మిగతావాటిలో నాలుగో వంతు. మరీ అంత చవకేమిటి? ఆయనకి నిద్ర పట్టనిది అక్కడే.

బస్సు దిగేసరికి మధ్యాహ్నమైంది. పెచ్చులూడిన పాత మేడ. లెక్చరరమ్మ కుర్చీ చూపించినా మేస్త్రి కూర్చోలేదు.

"ఇంత తక్కువకి ఎలా చెప్తున్నారమ్మా? లోపమేంటి?"

ఆవిడ నొచ్చుకోలేదు. "కంప్యూటర్లు పాతవి. పెద్ద పనులకి ఆస్పత్రి పరిశోధన కేంద్రం వాళ్ల మెషిన్ని నెట్ మీద ఇక్కణ్ణుంచే వాడుకుంటాం. ఉద్యోగం గ్యారంటీ అని మాత్రం చెప్పలేను."

గ్యారంటీ లేదన్నవాళ్లని ఆయన ఇన్నాళ్లలో చూడలేదు. ఇదేదో కొత్తరకం ఎత్తు కావచ్చు. ఆవిడ కంటపడకుండా వరండాలో ఒక విద్యార్థినిని ఆపి, గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పమ్మా, ఎలా ఉంటుందిక్కడ?"

"నెట్ అప్పుడప్పుడు పోతుందండీ. మేడమ్ మాత్రం పోరు. చీకటి పడ్డా కూర్చోబెడతారు."

ల్యాబులో పిల్లలు తెరల మీద జన్యువుల అక్షరాల బారుల్లో మునిగి ఉన్నారు. ఎవరూ తలెత్తలేదు. హాస్టల్లో కుళాయిలు తిప్పాడు. నీళ్లొచ్చాయి. కిటికీ ఊచలు ఊపాడు. కదల్లేదు. తలుపు గడియ కాస్త వదులుగా ఉంటే ఆయన మొహం వెలిగింది, కానీ పనిముట్ల సంచీ విప్పి మరలు బిగిస్తే అదీ సరిపోయింది.

కూతురు మంచం అంచున కూర్చుని ఓపిగ్గా చూస్తోంది. "ఇంకేమైనా చూడాలా నాన్నా?"

మేస్త్రి గది నలుమూలలా చూశాడు. ఒక్క లోపం దొరికినా పెట్టె వెనక్కి మోసుకుపోవచ్చు. పొద్దుట్నుంచీ తను వెతుకుతున్నది దానికోసమేనని అప్పుడు తోచి, తల వంచుకున్నాడు.

"లేదులే. ఉండు" అన్నాడు.

జేబులోంచి ఇత్తడి తాళం తీసి ఇచ్చాడు. తనే అరగదీసి, ఎవరూ మారు తాళంచెవి చెయ్యలేనట్టు తయారుచేశాడు.

"బీరువాకి వేసుకో. ఎవర్నీ నమ్మకు."

"ఇక్కడెవరూ తాళాలు వేసుకోరట నాన్నా."

"వాళ్లిష్టం. నువ్వు వేసుకో."

ఆ పిల్ల నవ్వి తీసుకుంది. బస్సు దాకా వచ్చి, పనిముట్ల సంచీ తనే అందించి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడింది.

ఊళ్లోకొచ్చేసరికి పొద్దుగూకుతోంది. కొట్టు షట్టరు తాళం తీద్దామని మేస్త్రి సంచీలో చెయ్యి పెట్టాడు. సుత్తికీ ఆకురాయికీ నడుమ, కూతురి చేతిరుమాల్లో చుట్టి, ఇత్తడి తాళం తెరిచే ఉంది, తాళంచెవి దానికే ఉంది.