మోగని పట్టీ

జగ్గమ్మ రోజూ కోడి కూసేక లేసి, కళ్ళాపు జల్లి, అంబలి కాసి, కొడుకులిద్దర్నీ బుజం తట్టి లేపుతాది. గంగులుకీ లక్ష్ముడికీ పుట్టుసెవుడు. మాటా లేదు. కూతురు పద్మనైతే కేకేస్తే సాలు.

ఆ ఇంట్లో ముత్తవ్వనాటి ఎండి పట్టీలొక జత ఉన్నాది. పద్మ కట్టుకుంటే కుడికాలిది మోగుతాది, ఎడమది మోగదు. కొడుకులకి రెండూ మోగవు. ఎద్దుకి కొమ్ము వంకరుంటే ఎంతో, ఇదీ అంతే, ఎవులూ వింతనుకోరు.

అరవయ్యేడులో నాట్లయ్యేక, జగ్గమ్మ అన్నకొడుకు అప్పలసూరికి పద్మనిమ్మని జగ్గమ్మ తల్లి దానమ్మ పట్టు పట్టినాది. పద్మకీ ఆడికీ ఇష్టమే.

"మేనరికం వొదిలేసి బయిటోడికిత్తావేటే?" అన్నాది.

"నాకూ మేనరికమే సేసేవు కదే అమ్మా. ఇశాపట్నం పెద్దాసుపత్రి డాట్రు ఏటన్నాడు? ఈ సెవుడు తల్లి రగతంలో సగం, తండ్రి రగతంలో సగం దాగుంటాదట. రెండూ వచ్చిన బిడ్డకే బయిటపడతాదట. అయినోల్లనే సేసుకుంటే రెండూ కలుస్తాయన్నాడు."

"డాట్రుకేటి తెలుసు?"

"వరి ఇత్తనం మూడేళ్ళకోపాలి పక్కూర్నించి మార్సుకొస్తావు. అది నీకెవులు సెప్పేరు?"

ఆ సందేళ అప్పలసూరి వచ్చేడు. జగ్గమ్మ పట్టీలు తెచ్చి అప్పలసూరి ముందర పెట్టినాది.

"కట్టుకోరా."

"నేనాడపిల్లనేటత్తా? ఊరు నవ్వుతాది."

"నవ్వనీ."

కాలికి సాలకపోతే పురికొసతో ముడేసినాది. ఆడు వాకిట్లో ఆ మూలనించి ఈ మూలకి నడిసేడు. కుడిది గల్లుమన్నాది. ఎడమది ఉలకనేదు.

అరుగు మీద బియ్యం ఏరుతన్న పద్మ సెయ్యి ఆగిపోనాది.

"ఒకటే కదత్తా మోగనిది," అన్నాడు అప్పలసూరి.

"నాకూ ఒకటేరా. పోయిన మీ మావకీ ఒకటే."

గోడవార గంగులు, లక్ష్ముడు ఆడి కాళ్ళకేసి సూసి నవ్వుతన్నారు, ఆటనుకొని. అప్పలసూరి ఆల్లనే సూసేడు. వొంగి, ముడి తనే ఇప్పుకున్నాడు.

మరుసటేడు ఎచ్చెర్ల సంబందం వచ్చినాది. పెళ్ళికొడుకు జగన్నాధం కాళ్ళకి రెండూ మోగేయి. పద్మ గోడకేసి తిరిగి ఇన్నాది. ఏడవనేదు. సరేనన్నాది.

కూతుర్ని కన్నాది. ఆ పిల్లకి పట్టీలు కడితే, తల్లికిలాగే ఒకటే మోగినాది.

పిల్ల పాకే వేళకి పద్మ పుట్టింటికొస్తే, అప్పలసూరి సూడ్డానికొచ్చేడు. పిల్ల గుమ్మానికి ఈపుపెట్టి సేటలో గింజలు కెలుకుతన్నాది. మరదలి కూతురు వరసకి కూతురే. ఆడు గుమ్మంలోనే ఆగి, మెల్లిగా పిలిసేడు.

"ఒసే, కూతురా."

పిల్ల ఎనక్కి తిరిగి సూసినాది.