రఫూ మాస్టారి వంటిల్లు

డాక్టరమ్మ చేతికిచ్చిన గళ్ళ కాగితాన్ని రఫూ మాస్టారు కుడికన్ను మూసుకుని చూశారు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని మళ్ళీ చూశారు. తిరగేసి వెనకవైపు కూడా చూశారు. తర్వాత బొటనవేలి గోటితో మధ్యలో ఉన్న గీతను మెల్లగా పక్కకి జరపబోయారు.

"ఇక్కడ పోగు లాగేసిందమ్మా," అన్నారు. "నేతలోనే వంకర వచ్చినట్టుంది."

డాక్టరమ్మ నవ్వలేదు. అది ఆవిడ చేసిన మొదటి మేలు. కాగితం మీద గీతలన్నీ తిన్నగానే ఉన్నాయనీ, వంకర ఆయన కంటి వెనక పొరలో ఉందనీ, వయసుతో పాటు ఆ పొర మధ్యభాగం అరుగుతోందనీ నిదానంగా చెప్పింది. కుడికన్ను ఇంకా బాగానే ఉంది. ఎడమకంట్లో అరిగింది మాత్రం తిరిగి రాదు.

మాస్టారి బతుకంతా పోగుల మీదే నడిచింది. ఎలుక కొరికిన శాలువా అయినా, నిప్పురవ్వ పడి కాలిన కోటు అయినా, అదే బట్ట లోపలి మడతలోంచి దారాలు లాగి, కన్నం పడిన చోట మళ్ళీ నేసినట్టు అల్లి రఫూ చేసేస్తారు. డ్రైక్లీనింగ్ షాపు కిటికీ పక్కన ఆయన స్టూలు. చిరిగింది ఎక్కడో బట్టగలవాళ్ళే వెతుక్కోవాల్సి వస్తే ఆయనకి ఆ రోజు భోజనం రుచిగా ఉంటుంది.

మందేమీ లేదా అని అడిగారు. పొగ తాగకూడదు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి అంది డాక్టరమ్మ. రోజూ ఆకుకూరలు, రంగున్న కూరగాయలు, వారంలో రెండుసార్లయినా చేప, అప్పుడప్పుడు గుడ్డు తినమంది. ఆకుకూర ముద్దగా ఉడికించొద్దు, కొంచెం నూనె తగిలించండి, అప్పుడే ఒంటికి పడుతుంది అని కూడా అంది. "తిండితో నయమవుతుందని చెప్పను మాస్టారూ. ఉన్న చూపు ఎక్కువ కాలం నిలబడే అవకాశం ఉంటుంది."

అవకాశం అనే మాటని మాస్టారు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నారు. పక్కనే కూర్చుని విన్న కూతురు మాత్రం ఇంకోటి తెచ్చుకుంది. భయం.

రెండు వీధుల అవతల ఉంటుంది ఆమె. తల్లి పోయినప్పటి నుంచి ఒంటరిగా పొయ్యి ముందు నిలబడే తండ్రిని తలుచుకుంటే ఆమెకి నిద్ర పట్టదు. ఇప్పుడు కళ్ళు కూడా ఇలా అయ్యాయి. ఇక కత్తీ నిప్పూ ముట్టుకోవద్దంది. మెస్ నుంచి కారియర్ వస్తుంది, తిని గిన్నెలు గుమ్మం ముందు పెడితే చాలు.

కారియర్ వచ్చింది. అన్నం, నూనెలో తేలే బంగాళాదుంప వేపుడు, ఏ కూరో చెప్పుకోలేని ఇంకో కూర. మర్నాడూ అదే. ఆ మర్నాడు వేపుడు అడుగు గిన్నెలోకీ కూర పై గిన్నెలోకీ మారాయి. గిన్నెలన్నీ వెతికినా ఆకు అన్నది కనబడలేదు. మాస్టారు కారియర్ మూసి, సంచీ తీసుకుని బజారుకి వెళ్ళారు. కూరలమ్మి ఆయన్ని చూసి, తడిగోనె కింద దాచిన లేత పాలకూర తీసి ఇచ్చింది. ఎందుకు దాచావని అడిగితే, "వాడినవి చెయ్యి పెడితేనే తెలిసిపోతాయి మీకు. మీతో ఎవరు పడతారు?" అంది.

ఆయన వంట నేర్చుకున్నది భార్య పోయాకే. అది చెప్పుకోదగ్గ వంటేమీ కాదు. ఇప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టారు. ఆకుకూర తరగడానికి తెల్లపలక, ఉల్లిపాయలకీ వెల్లుల్లికీ నల్లపలక తెచ్చుకున్నారు. రంగు మీద రంగు ఉంటే అంచు దొరకదని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నల్లకోటు మీద నల్లదారంతో పనిచేసిన మనిషి. పలక కిటికీ కిందికి జరిగింది. నూనె కాగిందో లేదో చెవితో తెలుసుకున్నారు. మొదటిసారి చేప మాడింది. రెండోసారి పచ్చిగా మిగిలింది. మూడోసారి అటూ ఇటూ కాకుండా ఉంటే తిన్నారు.

బావమరిది చూడటానికి వచ్చి, వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "మా అక్క ఆకుకూర వడ్డిస్తే కంచం పక్కకి తోసేవాడివి కదా బావా! ఇప్పుడేంటి, కట్టలకి కట్టలు లాగించేస్తున్నావ్?"

"మీ అక్క రేపు కూడా పెడుతుందిలే అనుకునేవాణ్ణి," అన్నారు మాస్టారు.

బావమరిది కూర్చుని ఒక కట్ట ఒలిచిపెట్టి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ ఈ సంగతి మేనకోడలి చెవిన వేశాడు. ఆమె తండ్రికి ఫోన్ చేసి మండిపడింది. ఆకులు తింటే కళ్ళు నిలబడేదైతే ఆ డాక్టరమ్మ ఆసుపత్రి మానేసి కూరలబండి పెట్టుకునేది కదా నాన్నా అంది. పెట్టుకుంటే నేనే మొదటి బేరం చేస్తానన్నారు ఆయన.

ఆ మాటకి ఆమె కొంత మెత్తబడేదేమో. కానీ ఆ వారమే ఒక పొరపాటు జరిగింది. బాణలి దించబోతుంటే చేతిగుడ్డ కొస మంట మీదికి జారింది. ఆ కొస పడిన చోటు ఆయన కుడికంటికి బాణలి అడ్డు, ఎడమకంటికి సరిగ్గా అందని చోటు. వాసన రాగానే సింకులో పడేసి నీళ్ళు వదిలారు. చెయ్యి కాలలేదు. గుడ్డకి రూపాయంత కన్నం పడింది. ఇలాంటప్పుడు ఏ తండ్రైనా ఆ గుడ్డని చెత్తబుట్టలో పడేసి ఊరుకుంటాడు. రఫూ మాస్టారు ఊరుకోలేదు. ఆరబెట్టి, అంచు మడతలోంచి పోగులు లాగి, కుడికన్ను ఒక్కదానితోనే సాయంత్రం దాకా కూర్చుని ఆ కన్నాన్ని నేసేసి, మళ్ళీ మేకుకి తగిలించారు.

ఆదివారం కూతురు వచ్చింది. గిన్నె కడిగి ఆ గుడ్డతో చేతులు తుడుచుకుంది. తుడుచుకుంటూ ఆగింది. ఈ ఇంట్లో పెరిగిన పిల్ల, ఏ బట్టయినా వెనకవైపు వేలితో తడమడం అలవాటు. కన్నం పడిన చోటు ఆమెకి వెంటనే దొరికింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. స్టవ్ నాబ్‌లు నాలుగూ ఊడబెరికి, హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని వెళ్ళిపోయింది.

మాస్టారు కాసేపు ఆ బోడి స్టవ్ వంక చూశారు. బ్యాగ్‌లో చిల్లర కదిలినట్టు మెట్ల మీద నాబ్‌ల చప్పుడు దూరమవుతూ వినిపించింది. ఆయనకి చాలా రోజుల తర్వాత కోపం వచ్చింది. అలాంటి కోపం ఇంకా తనలో ఉన్నందుకు కొంచెం సంతోషం కూడా వేసింది.

మర్నాడు పొద్దున పనిముట్ల పెట్టెలోంచి ప్లయర్ తీశారు. చేతిగుడ్డ మేకు పీకి, పొయ్యికి దూరంగా తలుపు వెనక కొట్టారు. బజారు నుంచి చేప, పాలకూర, ఎర్ర గుమ్మడి ముక్క తెచ్చారు. నాబ్ లేని పుల్లని ప్లయర్‌తో పట్టి తిప్పితే స్టవ్ బుద్ధిగా వెలిగింది. అప్పుడు కూతురికి ఫోన్ చేశారు.

"భోజనానికి రా. పొయ్యి వెలిగించాను," అని పెట్టేశారు.

ఆమె చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. గుమ్మంలో నిలబడి ప్లయర్‌ని చూసింది. ఆయన స్టూలు చూపించారు.

"కూర్చో. మొదట్నుంచీ చివరిదాకా చూడు. తేడా వస్తే లేచి ఆపెయ్యి. రాకపోతే కదలొద్దు."

"మొన్న నిప్పంటుకుంది నాన్నా. ఆ మాట నాకు చెప్పలేదు నువ్వు. రఫూ చేసి దాచేశావు."

"దాచాను. బట్టకి చేసే పని నీకు చేశాను. చెయ్యకూడదు." ఆయన గుమ్మడి ముక్క తరుగుతూనే ఉన్నారు. "ఇకమీదట దాచను. డాక్టరమ్మ ఇచ్చిన గళ్ళ కాగితం ఇదిగో ఈ గోడకి అంటించాను. రోజూ పొద్దున్నే ఒక్కో కన్నూ మూసి చూస్తాను. వంకర పెరిగితే ఆ పూటే నీకు ఫోన్ చేస్తాను. గుడ్డ కాలినా చేస్తాను, వేలు తెగినా చేస్తాను. కానీ నా కంచంలోకి ఏం రావాలో నేనే వండుకుంటాను."

"ఇంత వండుకుని తిన్నాక కూడా చూపు పోతే?"

"పోతే తడుముకుంటూ వండుకుంటాను. అది పోయేదాకా చేతులు కట్టుకుని, ఎవరో పంపిన దుంపలు తింటూ కూర్చోమంటే మాత్రం కూర్చోను. ముసలాణ్ణయ్యాను గానీ మూలపెట్టిన సామానుని కాలేదు."

ఆమె కూర్చుంది. బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని, ఏ క్షణంలోనైనా లేవడానికి సిద్ధంగా. బాణలి కాడ కోసం ఆయన చెయ్యి చాస్తే వేళ్ళు కాస్త పక్కకి పోయాయి. ఆమె సగం లేచింది. ఆయన తల కొంచెం వాల్చి ఓరగా చూసి కాడ పట్టుకున్నారు. సగం లేచిన మనిషి సగంలోనే ఉండిపోయి, తర్వాత మెల్లగా కూర్చుంది. వెల్లుల్లి వేగింది. పాలకూర నూనెలో పడి చుయ్యిమని, ఆకుపచ్చదనం పోకముందే దిగింది. చేప ఒకవైపు ఎర్రబడ్డాక ఇంకోవైపు తిరిగింది. ప్లయర్‌తో మంట ఆర్పి, ఆరిందో లేదో చెవి వంచి విన్నారు.

రెండు కంచాలు పెట్టారు. పాలకూర ముందు తిని, ఉప్పు చాల్లేదంది ఆమె.

"డబ్బా నీ ఎదురుగానే ఉంది. నీ కళ్ళకేమైంది?"

ఆమెకి నవ్వు వచ్చింది. దాన్ని ఆపుకోవడానికి బ్యాగ్ తెరిచి నాబ్‌లు బల్ల మీద పెట్టింది. కారియర్ వాళ్ళకి తనే ఫోన్ చేసి, ఈ నెలాఖరు దాకా మాత్రం తెమ్మంటానంది.

"పొద్దున్నే నేను మానిపించేశాను," అన్నారు మాస్టారు.

"నన్నడక్కుండానే?"

"అడిగితే వద్దంటావుగా."

ఆయన చేపముక్కని తన కంచంలో విడదీసి, ఒక్కో పొరనీ రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తూ ముళ్ళు ఏరుతున్నారు. చూపు గోడ మీద ఎక్కడో ఉంది. వేళ్ళు మాత్రం తెగిన పోగు కోసం బట్టని తడిమినట్టు తడుముతున్నాయి. దారంకంటే సన్నటి ముల్లు కూడా బయటికి వచ్చి కంచం అంచు మీద చేరింది. ఏరిన ముక్క తీసి కూతురి కంచంలో వేశారు.

"ముల్లు లేదు. తిను."

ఆమె చూసుకోకుండానే నోట్లో పెట్టుకుంది.