కళ్ళు తెరవని తాబేలు

ఆళ్ళగడ్డ శిల్పి తిరుపాలుకు నలభై ఏళ్ళుగా ఒకటే పని: రాయిని దేవుణ్ణి చేయడం, చేశాక దూరంగా నిలబడడం. విగ్రహానికి కళ్ళు ప్రతిష్ఠ నాడు గుడిలోనే తెరుస్తాడు. ఆ తర్వాత చెక్కినవాడైనా సరే, ముట్టకూడదు. ఇప్పుడు రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరింది. ఇక ఉలి పట్టొద్దని డాక్టరు చెప్పేశాడు. ముట్టుకోగలిగిన బొమ్మ ఒక్కటైనా చెక్కకుండానే పోతానేమోనన్నదే అతని దిగులు.

అలాంటప్పుడు నంద్యాల నుంచి హుస్సేన్ వలి సారొచ్చాడు. రిటైరైన చరిత్ర మాస్టారు, సైన్స్ ఫిక్షన్ నవలలు రాస్తాడు. తన చిన్న గ్రంథాలయం ముందుకు రాతి తాబేలు కావాలన్నాడు.

"కారకోరం అని, మంగోలు రాజుల రాజధానిలే. ఆడ వెండిచెట్టు ఉండేదంట. నాలుగు గొట్టాల్లోంచి నాలుగు రకాల సారాయి కారేదంట. ఊరు పాయె, చెట్టూ పాయె. రాతి తాబేళ్ళు మిగిలినాయి."

"పేరులోనే కారముంది, సారాయి ఉండక ఏముంటాది సార్," అన్నాడు తిరుపాలు దగ్గుతూ.

"నా నవల్లో అంగారకుని మీద ఊరు కట్టి దానికీ ఆ పేరే పెడతారు. అదీ పాడుబడతాది. ఆఖరికి తాబేలే మిగుల్తాది."

"అంత దూరం పోయీ పాడు చేసేదేనా?"

"పోయేది మనుషులే గదప్పా."

డాక్టరు మాట పక్కనపెట్టి తిరుపాలు ఒప్పుకున్నాడు. చెక్కడానికి రెండు నెలలు పట్టింది. నాలుగు దెబ్బలేస్తే కాసేపు కూర్చోవాల్సి వచ్చేది. చివరికి తాబేలును ట్రాక్టరులో నంద్యాలకు తెచ్చి దించాడు. సారు చుట్టూ తిరిగి చూశాడు.

"కండ్లు యాడప్పా?"

తిరుపాలు నాలుక కరుచుకున్నాడు. అలవాటు కొద్దీ కళ్ళ చోటు నున్నగా వదిలేశాడు. "ప్రతిష్ఠ నాడు గదా సార్ తెరిచేది."

"దీనికి ప్రతిష్ఠ ఏందప్పా? పిల్లోళ్ళు ఎక్కి కూచునే తాబేలు."

తిరుపాలు సన్న ఉలి తీశాడు. దగ్గొచ్చి నడుమ రెండుసార్లు ఆగాడు. ఎలాగో రెండు కళ్ళూ తెరిచి, ఉలి కింద పెట్టి, చేతులు కట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

"ఏందప్పా, అంత దూరం పోతివి?"

"తెరిచినాక ముట్టగూడదు సార్."

"ఆడ కారకోరంలో తాబేలును ఇడిసిపెట్టి ఊరు ఊరే పాయె. దీన్ని ఇడిసి నువ్వూ పోతావా?"

తిరుపాలుకు ఏడుపొచ్చింది. దాచుకునే ఓపిక కూడా లేదు. వచ్చి తాబేలు పక్కన కూలబడ్డాడు. దాని తల మీద చెయ్యేసి, తను చెక్కిన కళ్ళను వేలితో తడిమాడు. ఎడమ కంటి అంచు ఇంకా గరుకుగానే ఉంది. ఇన్నేళ్ళూ దేవుళ్ళందరి కళ్ళూ అలాగే వదిలేశాడేమో, అతనికి తెలియదు.