తొమ్మిదో రోజు

పశువుల పాక కడుగుతూ, మిగతా ఆవుల మధ్య ఎర్రావు నడక చూసి చీపురు ఆపేసిందామె. వీపు పైకి వంచి, వెనక ఎడమకాలు ఆనీ ఆనకుండా వేస్తోంది. ఆ మాట చెబితే భర్త పేపరులోంచి తల ఎత్తకుండానే నీకన్నీ అనుమానాలేనన్నాడు. పసుపు రాస్తే అదే పోతుందని అత్తగారు తేల్చేసింది.

ఆ రోజు నుంచి ఆమెకు కుదురు లేదు. వంటింట్లో ఉన్నా చెవి పాకలోనే. పాలు తగ్గాయి. తగ్గినందుకు మాట పడింది మాత్రం తనే. పితకడం చేతకాదని అత్తగారు, మేత సరిగా వేయడం లేదని భర్త. పదకొండేళ్లుగా పేడా, మేతా, ఈతలూ తన చేతుల మీదుగానే నడుస్తున్నాయి. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే మాత్రం భర్త "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది" అంటాడు. ఇంట్లో ఎప్పుడు కూర్చుందో ఆమెకే గుర్తులేదు.

తొమ్మిదో రోజు ఆవు లేవలేదు. కబేళాకి తోలేద్దామన్నాడు భర్త. ఆమె పశువుల డాక్టరుకి తానే ఫోన్ చేసింది.

డాక్టరు గిట్ట కడిగి కత్తితో చెక్కేసరికి చీము చిమ్మింది. ఎన్నాళ్లయిందని భర్తని అడిగాడు.

"రెండ్రోజులండీ. నేనే కనిపెట్టాను."

ఎన్నోసార్లు మింగిన మాట ఈసారి గొంతు దిగలేదు.

"తొమ్మిది రోజులండీ," అందామె. "మొదటిరోజే చెప్పాను. వినలేదు."

డాక్టరు తల తిప్పి తొలిసారి ఆమెను చూశాడు. ఆ తర్వాత మాటలన్నీ ఆమెతోనే. అదే కాలికి బాగున్న రెండో గిట్ట కింద చెక్కముక్క అంటించి, ఆవు లేచి నిలబడితే బరువు దానిమీద పడేలా చేశాడు. నేల తడి లేకుండా చూడమన్నాడు. ఆమె ఆయన్ని గొర్రెల దొడ్డికి తీసుకెళ్లి, మోకాళ్ల మీద మేస్తున్న రెండింటిని చూపించింది. గిట్టల మధ్య కుళ్లు, మిగతావాటికీ అంటుకుంటుంది, విడిగా కట్టమన్నాడు. వెళ్తూ వెళ్తూ, సోమవారం నుంచి మూడు రోజులు పశువుల ఆస్పత్రిలో గిట్టలు చెక్కడం నేర్పుతున్నామనీ, ఇంటికొకరు రావచ్చనీ చెప్పాడు.

"నేనొస్తాలెండి," అన్నాడు భర్త.

డాక్టరు వెళ్లాక, ఆయన ముందు పరువు తీశావని చాలాసేపు సణిగాడు. ఆమె చేతులు కడుక్కుని వచ్చింది.

"ఆ మూడు రోజులూ పాలు మీరు పితకాలి. ఆస్పత్రికి నేను వెళ్తున్నా."

"నేనా? ఏ ఆవు తంతుందో నాకేం తెలుసు?"

"మూడు రోజుల్లో తెలుస్తుంది," అందామె.