కోసేసిన దమ్ము

ఎడిట్ రూమ్ తలుపు తోస్తే లోపల జగిత్యాల బస్టాండు ఉంది, ఉంటే ఉండనీ అనుకుని లోపలికి నడుస్తున్నాను, ఎన్నికలు మొదలైనప్పటి నుంచి దేనికీ ఆశ్చర్యపోయే ఓపిక నాలో మిగల్లేదు. ప్లాట్‌ఫారాల మధ్య మా ఛానెల్ మానిటర్లు వెలుగుతున్నాయి, బెంచీ మీద పోశెట్టి తాత తంబూర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు తత్వాలు నేర్పిన మనిషి. పోయి ఏడు నెలలైంది.

"వచ్చినవా స్వరూపా, కూసో. మస్తు అలిసినవ్ గదనే."

ఆ ఒక్క మాటకే ఏడుపొస్తోంది. ఆయన చివరిసారి పాడిన తత్వం నా దగ్గరే ఉంది, పదకొండు నిమిషాలు, టీవీలో మొత్తం వేయిస్తానని మాటిచ్చాను, వేయించలేదు, ఇప్పుడు దాన్నే ముప్పై సెకన్లకు కుదించి ఒక నాయకుడి పాదయాత్ర ప్రోమో కింద అతికించాను. సాయంత్రం ఆరింటికి ప్రసారం. ఈయన ఒక్కసారి ఊఁ అంటే నా మనసు కుదుటపడుతుంది.

"తప్పు చేస్తున్ననా తాతా?"

"ఆ లీడరుకు ఓట్లు పడితే పడనియ్, నాకేంది? పాట నలుగురు వింటరు గదా" అంటూనే తంబూర మీటి తత్వం ఎత్తుకుంటాడు, మొదటి చరణం, దాని వెంటే రెండోది, వెంటే మూడోది, ఎక్కడా ఆగడు, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, ముఖం నల్లబడుతోంది, బస్సుల్లోంచి జనం మా చర్చా కార్యక్రమంలో లాగా చప్పట్లు కొడుతున్నారు.

"ఆగు తాతా, దమ్ము తీస్కో!"

"ఏడున్నది బిడ్డా? నువ్వే తీసేస్తివి గదా."

నిజమే. ఆయన గాలి పీల్చుకునే చప్పుడు ప్రోమోకి అడ్డమని ఒక్కొక్కటీ ఏరి కోసేశాను. చిన్నప్పుడు నాకు పాటకంటే ముందు ఎక్కడ ఆగాలో నేర్పాడు, ఆగకపోతే నెత్తిన మొట్టేవాడు, "వినేటోడు ఆ సందులకెల్లే లోపలికొస్తడే" అనేవాడు. సిగ్గు లేదు నాకు! బెంచీల కింద, బస్సు చక్రాల కింద వంగి వెతుకుతున్నాను, ఏవేవో ప్రసంగాల ముక్కలు చేతికి తగులుతున్నాయి, ఆయన ఊపిరి మాత్రం దొరకదు.

"నేను మళ్ల పెడ్త తాతా. ఒట్టు."

ఆయన ఏదో చెప్పబోతాడు. నోట్లోంచి నాలుగో చరణమే వస్తుంది.

కళ్లు తెరిచేసరికి ఎడిట్ రూమ్‌లో టేబుల్ మీద తల ఆనించి ఉన్నాను, హెడ్‌ఫోన్లలో ప్రోమో తిరుగుతూనే ఉంది. ఫోన్లో డెస్క్ ఇన్‌ఛార్జి మెసేజ్: 'చాలా బాగుంది. ఇంకో ఐదు సెకన్లు తగ్గించు.'

చదవడం పూర్తి కాకముందే నా చెయ్యి మౌస్ మీదికి వెళ్లి, ఎక్కడ కోయాలా అని వెతుకుతోంది.